రివర్స్‌లో ఊడిన డ్రిల్ చక్: కేసు వేయవచ్చునా?

ప్రశ్న: నేను బొబ్బిలిలో వడ్రంగిని. 22 నెలల క్రితం విశాఖపట్నంలోని ఒక దుకాణంలో నా డ్రిల్‌కు కొత్త చక్ (బిట్‌ను పట్టి ఉంచే భాగం) వేయించి, యూపీఐలో డబ్బు చెల్లించాను, బిల్లు ఇవ్వలేదు. నెల తిరగకముందే, రివర్స్‌లో స్క్రూ తీస్తుండగా చక్ ఊడి బొటనవేలికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి, మూడు వారాలు పని పోయింది. అడగబోతే దుకాణదారు నలుగురిలో అవమానించాడు. తెలిసినవారు పాత తేదీతో బిల్లు రాసిస్తామంటున్నారు. పోలీసు కేసు పెట్టనా?

జవాబు: పైన ఇచ్చింది మీ ఉత్తరం సారాంశమే; అసలు ఉత్తరంలో అవమానం గురించి మీరు పేజీన్నర రాశారు. కేసును తేల్చే సంగతి మాత్రం చివరి వాక్యంలో ఉంది: స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) కొసన ఉన్న రంధ్రంలో స్క్రూ లేదు. రివర్స్ ఉన్న డ్రిల్‌లో, మర (థ్రెడ్)పై బిగించిన చక్‌ను లోపలి నుంచి ఒక లెఫ్ట్ థ్రెడ్ స్క్రూ (ఎడమవైపు తిప్పితే బిగిసేది) పట్టి ఉంచుతుంది. అది లేకపోతే రివర్స్‌లో చక్ విప్పుకొనే ప్రమాదం ఉంటుంది. దాన్ని తిరిగి బిగించకపోవడం సేవాలోపం కిందకు వస్తుంది కనుక, మీ దారి పోలీసు స్టేషన్ కాదు, విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్. దుకాణం విశాఖలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. స్వయంఉపాధితో జీవనం గడిపేవారు కాబట్టి, వృత్తికి వాడిన పనిముట్టు అన్న అభ్యంతరమూ నిలవదు.

అయితే ఎదుటివారు ఊరుకోరు. స్క్రూ వేశామని, మీ మొరటు వాడకానికి విరిగిందని అంటారు. విరిగి ఉంటే ముక్క రంధ్రంలోనే ఉండిపోవచ్చు, అసలు వేయకపోతే రంధ్రంలోని మర శుభ్రంగా ఉంటుంది. ఈ తేడాను నిపుణుడు చూసి చెప్పాలంటే ఆ డ్రిల్‌ను ఎవరూ ముట్టకూడదు. కొత్త స్క్రూ వేసుకొని పని సాగించారో, సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెరిపినవారవుతారు.

పాత తేదీ బిల్లు మాట మళ్లీ ఎత్తకండి. అది ఫోర్జరీ, దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ముద్దాయి మీరే అవుతారు. బ్యాంకు ముద్ర వేయించిన స్టేట్‌మెంటులోని యూపీఐ పద్దు, ఆసుపత్రి ఓపీ చీటీ మీకు చాలు.

ఇక గడువు. ఫిర్యాదుకు వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ రెండేళ్లే ఇచ్చింది, మీరు 22 నెలలు పంచాయితీలతో గడిపేశారు. గాయమైన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకుండా చక్ వేయించిన తేదీ నుంచే లెక్క వేసుకోండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు చూడండి; నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. జవాబు వచ్చినా రాకపోయినా వెంటనే వైద్యఖర్చు, పోయిన కూలి, చక్ ఖరీదు కోరుతూ ఫిర్యాదు దాఖలు చేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కనుక రుసుము ఉండదు.