సీసా పెంకులతో రోడ్డు వేయొచ్చా?

ప్రశ్న: మాకు చిన్న హోటలుంది. మంచి సీసాలైతే పాత సామాన్లవాళ్లు పట్టుకెళ్తారు గానీ పెంకులు ముట్టుకోరు. ప్లాస్టిక్ కలిపి తారు రోడ్లు వేస్తున్నారు కదా, గాజు కూడా అలా కలపొచ్చా? చెప్పుల్లేకుండా నడిచే భక్తులుండే ఊరు మాది, కాళ్లకు గుచ్చుకోదా?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: కలపొచ్చమ్మా. అమెరికాలో 1970ల నుంచే వేసి చూశారు, న్యూయార్క్ వీధుల్లోనూ వాడారు. అయితే ప్లాస్టిక్ చేసే పని వేరు. మదురైలో ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ చూపించిన పద్ధతిలో ప్లాస్టిక్ ముక్కలు వేడి కంకర మీద కరిగి పొరలా అంటుకుంటాయి, దాంతో తారు గట్టిగా పడుతుంది. తారు ప్లాంటులోని 150–160 డిగ్రీల వేడికి గాజు కరగదు, రాతి డస్ట్‌కు బదులుగా పనికొస్తుంది, అంతే.

పెంకులను పెంకులుగానే పోయరు. క్రషర్‌లో వేసి 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేంత సన్నగా నలిపితే పదును చాలావరకు పోయి ముతక ఇసుకలా అవుతుంది. అయినా మన ఊళ్లో పైపొరలో వద్దనే అంటాను, కింది పొరలో వేసుకునే వీలుండగా వట్టి కాళ్లతో నడిచేవాళ్లకు ఆ భయమెందుకు?

నాకు అసలు టెన్షన్ నీళ్లతోనే. రాయి గరుకు, గాజు నునుపు, పైగా గాజు తారుకన్నా నీటినే ఎక్కువ పట్టుకుంటుంది, కాబట్టి నవంబరు వానల్లో నీళ్లు సందులో దూరితే తారు ఊడి కంకర లేచిపోతుంది. అందుకే మొత్తం కంకరలో గాజు 10–15 శాతం దాటనివ్వరు, దాదాపు 2 శాతం సున్నపు పొడి కలుపుతారు, నీళ్లకు తట్టుకుంటుందో లేదో ముందే ల్యాబులో చూస్తారు. అది చూడకుండా ఎవరైనా వేస్తామంటే ఒప్పుకోకూడదు.

ఇంకో మాట. చిత్తూరు వైపు కంకర క్వారీలు దగ్గరే, మనకు కరువు ఇసుకకే, స్వర్ణముఖిని ఎంత తవ్వేశారో చూస్తూనే ఉన్నాం. కాబట్టి ఈ గాజు ఇసుకను పైపుల గుంతలు పూడ్చడానికో, పేవర్ బ్లాకుల కింద పరుపుగానో వాడితే తారు ఊడుతుందన్న బాధే లేదు. పగలని సీసాను మాత్రం రోడ్డుకివ్వొద్దు, కడిగి మళ్లీ నింపుకోవడమే మేలు. పెంకులను అట్టపెట్టెలో విడిగా పెట్టి, లోపల గాజుందని చెప్పి మరీ ఇవ్వండి, ముందు చేతులు తెగేది చెత్త ఎత్తేవాళ్లకే.

ప్రశ్న: పేవర్ బ్లాకులు పోస్తాం. రోబో శాండ్‌లో సగం నలిపిన గాజు వేస్తే ఖర్చు తగ్గుతుందంటున్నారు, నిజమేనా సార్?
– ఓ పాఠకుడు, పలమనేరు

జవాబు: సగం వద్దు. సిమెంటులోని క్షారం గాజులోని సిలికాతో కలిసి జిగురులాంటి పదార్థం పుడుతుంది, అది తేమ పీల్చుకుని ఉబ్బి బ్లాకును లోపలినుంచే పగలగొడుతుంది. ఇది బయటపడేది ఏళ్ల తర్వాత, కాబట్టి పోసిన 28 రోజులకు చేసే పరీక్షలో బలం బాగా వచ్చిందని ధీమా పడకండి. ఆశ్చర్యమేంటంటే అదే గాజును 75 మైక్రాన్ల లోపు, సిమెంటంత మెత్తగా పొడి చేస్తే ఉబ్బడం తగ్గుతుంది, ఫ్లై యాష్‌లా, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో మిగిలే బొగ్గు బూడిదలా, సిమెంటుకు తోడై బలమూ ఇస్తుంది. కాకపోతే అంత మెత్తగా ఆడించడానికి కరెంటు ఖర్చుంది. ముతక గాజే వాడతానంటే తక్కువ పాళ్లలో, ఫ్లై యాష్ కలిపి ముందు కొద్దిగా పోసి చూడండి. ఆ మిశ్రమంతో చేసిన కడ్డీలను 80 డిగ్రీల వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో 14 రోజులు ఉంచి ఎంత సాగాయో కొలిచే పరీక్ష ఉంది, అది చేయించాకే ఆర్డరు ఒప్పుకోండి.

ప్రశ్న: రాత్రిపూట రోడ్డు మీద తెల్లగీతలు మెరుస్తాయి, అందులోనూ గాజేనా?
– ఓ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: గాజే. పెయింటు ఆరకముందే దాని మీద సన్నటి గాజుపూసలు చల్లుతారు, అవి హెడ్‌లైట్ వెలుగును వచ్చినవైపే తిప్పి పంపుతాయి. పాత గాజు తుక్కుతోనూ వీటిని తయారుచేస్తారు. పూసలు రాలిపోతే పగలు తెల్లగా ఉన్న గీతే రాత్రి కనిపించదు, ముఖ్యంగా వానలో. మీ దారిలో అలా ఉంటే మళ్లీ గీయమని అధికారులకు రాసివ్వండి.