గ్రహాంతర జీవం ఉందని తేలితే మన జనం ఏం చేస్తారు? మామిడికాయల క్యూలో నేను చూసింది

ప్రశ్న: భూమికి బయట జీవం ఉందని శాస్త్రవేత్తలు, ప్రభుత్వాలు ఖాయంగా ప్రకటిస్తే మామూలు జనం ఎలా స్పందిస్తారు? భయంతో రోడ్ల మీదికి వస్తారా? దేవుడి మీద నమ్మకం పోతుందా?

జవాబు:

కొత్తగా ఎవరూ రోడ్డెక్కరు. అప్పటికే రోడ్డు మీద ఉన్నవాళ్ళు కాసేపు తలెత్తి చూస్తారు, అంతే. 2025 జూన్‌లో ఇలాంటిదొకటి దగ్గరుండి చూశాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నా.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా మేనమామది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఆ ఏడు కాయ విరగ కాసింది, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 మేం వేస్తాం అని ప్రభుత్వం చెప్పింది. ధర సంగతి తర్వాత, ముందు కాయ దించుకుంటే చాలు దేవుడా అన్నట్టుంది పరిస్థితి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా ట్రాక్టర్లే. మామ ఒక్కడే ఉన్నాడని నేనూ వెళ్ళాను. అది మాకు రెండో రాత్రి. అడుగున ఉన్న కాయలు నలిగి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది. ఆ పులుపు వాసనకు నిద్ర ఎక్కడ పడుతుంది? పట్ట పరుచుకుని దొర్లుతున్నాం.

తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. "లేయండ్రా, పైన ఏందో పోతా ఉండాది!" అని ఎవరో కేక పెట్టారు.

నిజంగానే పోతోంది. ఇరవైకి పైగా చుక్కలు, పూసలు గుచ్చినట్టు ఒకే వరుసలో, పడమటి నుంచి తూర్పుకు, చప్పుడు లేకుండా. ఒక నిమిషం పాటు ఎవరూ నోరు తెరవలేదు. మా వెనక బండి పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి దణ్ణం పెట్టాడు. ఎవరికి తాతా అని అడిగితే, "ఎవురైతే ఏమిలే, పైన పోతా ఉండారు కదా" అన్నాడు. ఒకాయన శ్రీహరికోట వాళ్ళు ఏదో వదిలుంటారన్నాడు. "రాకెట్టయితే తూర్పున కదా లేసేది, ఇది పడమటి నుంచి వస్తాండాదే" అని ఇంకొకాయన కొట్టిపారేశాడు. (మా వైపు ఈ మాత్రం రాకెట్ జ్ఞానం అందరికీ ఉంటుంది. సాయంత్రం పూట ప్రయోగమైతే మిద్దెలెక్కి చూసేవాళ్ళం కదా.) నెల కిందటే సరిహద్దులో గొడవలు జరిగున్నాయి కాబట్టి పాకిస్తాన్ డ్రోన్లన్న అనుమానమూ వచ్చింది. ఒక కుర్ర డ్రైవర్ మాత్రం "గ్రహాంతరవాసులన్నా, కన్ఫర్మ్!" అంటూ అప్పటికే రీల్ తీస్తున్నాడు.

మా అందరి తలలూ పైకి ఉన్న ఆ కాస్త సేపట్లో, వెనక నుంచి ఒకడు లైట్లు వేయకుండా ట్రాక్టర్ పక్కకు తీసి, మట్టి మీదుగా తెచ్చి, మాకు రెండు బండ్ల ముందు సందులో దూర్చేశాడు.

ఇంక చూడండి. దణ్ణం పెట్టిన పెద్దాయనే అందరికంటే ముందు పరిగెత్తాడు. "మూడు దినాలుగా ఈడ ఉండేవోళ్ళం ఎర్రోళ్ళమా?" అని అరుపులు, తాళం చెవి లాక్కోవడం, టైరుకు అడ్డం రాళ్ళు. ఆకాశంలో వరుస ఇంకా పూర్తిగా దాటిపోలేదు. చూసేవాడు ఒక్కడూ లేడు. అవి ఇంటర్నెట్ కోసం వదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాలని, కొత్తగా వదిలిన కొన్నాళ్ళు అలా వరుసగా కనబడతాయని నేను చెప్పబోతే, "నువ్వుండు సార్, ముందు ఈ బండి సంగతి చూడనీ" అన్నారు.

అది అజ్ఞానం అని నేననుకోను. నాలుగున్నర టన్నుల కాయ కుళ్ళిపోతున్న మనిషికి ఏది ముందు ఏది వెనక అన్నది నాకంటే బాగా తెలుసు.

అలాగని మన జనం భయపడరని కాదు. తేదీ ఒకటి చెప్పి, నెత్తిన పడే వస్తువొకటి చూపిస్తే గట్టిగానే భయపడతారు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం, 77 టన్నులది, కూలిపోతుందని రేడియోలో వచ్చినప్పుడు తెలుగు పల్లెలు ఎంత అల్లాడాయో పెద్దవాళ్ళనడగండి. ఎటూ పోయేదే కదా అని మేకల్ని, కోళ్ళను కోసుకు తిన్నారు. మా అవ్వ కూడా గుడ్లు పెట్టే రెండు కోళ్ళను కోసి కూర వండింది. జూలై 11న ఆ ముక్కలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు పడ్డాయి. స్కైలాబ్ గురించి అవ్వ మళ్ళీ ఎప్పుడూ భయపడలేదు గానీ, ఆ కోళ్ళ గురించి మాత్రం పోయేదాకా బాధపడింది.

గ్రహాంతర జీవం వార్త అలా రాదు. అది నత్తలా వస్తుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కే2-18బి వార్తే చూడండి. మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహం. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే భారతీయ సంతతి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం, జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో దాని వాతావరణాన్ని పరిశీలించి డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్ళు కనిపించాయని చెప్పింది. మన భూమి మీద ఆ వాయువు ప్రధానంగా ప్లాంక్టన్ అనే సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. అయితే వాళ్ళకు దొరికింది మూడు సిగ్మాల నమ్మకం (ఫలితం కాకతాళీయం కాదని ఎంత గట్టిగా చెప్పొచ్చో కొలిచే లెక్క సిగ్మా), కనుక్కున్నామని గట్టిగా అనాలంటే ఐదు కావాలి. కొద్ది వారాల్లోనే వేరే బృందాలు అదే సమాచారాన్ని మళ్ళీ లెక్కగట్టి, ఇది చాలదన్నాయి. ఆ వార్త వచ్చిన మర్నాడు క్లాసులో నేను ఒళ్ళు మరిచి ఇరవై నిమిషాలు దీని గురించే చెప్పాను. అంతా విని ఒకమ్మాయి చెయ్యెత్తి, "సార్, ఇది ఎంసెట్‌లో వస్తుందా?" అని అడిగింది. రాదన్నాను. పెన్ను మూత పెట్టేసింది.

1996 ఆగస్టులో ఇంతకంటే పెద్ద హడావుడి జరిగింది. అంటార్కిటికాలో దొరికిన ఒక అంగారకుడి రాయిలో సూక్ష్మజీవుల ఆనవాళ్ళు ఉండొచ్చని నాసా శాస్త్రవేత్తలంటే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా దాని మీద మాట్లాడాడు. ఎక్కడా అల్లర్లు జరగలేదు. తర్వాత ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి, ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. అప్పటికి జనం వేరే వార్తల్లో పడిపోయారు. ఇలాంటి వార్తలకు పత్రికలు, పాఠకులు ఎలా స్పందించారో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో పరిశీలించారు. భయం కంటే ఉత్సాహమే ఎక్కువ కనబడిందట. అది సూక్ష్మజీవుల మాట. ఎవరైనా తెలివైనవాళ్ళ నుంచి సంకేతమే వస్తే కొంచెం వేరుగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఇక దేవుడి సంగతి. టెడ్ పీటర్స్ అనే అమెరికా మతశాస్త్ర పండితుడు వేర్వేరు మతాలవాళ్ళను, ఏ మతమూ లేనివాళ్ళను కలిపి వెయ్యి మందికి పైనే సరిగ్గా ఇదే అడిగాడు. మతం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చెప్పిందేమిటంటే: నా నమ్మకానికేం కాదు. మతాలకు కష్టమొస్తుందని ఎక్కువగా అన్నది ఏ మతమూ లేనివాళ్ళు. మీరు కూడా ప్రశ్నలో "మామూలు జనం" అన్నారు చూడండి. అందులో మీరు లేరు, నేనూ లేను. క్యూలో ఆ కుర్ర డ్రైవర్ కూడా "నాకేం భయం లేదు గానీ జనం ఆగమైపోతారన్నా" అన్నాడు. ఆ జనం ఎవరో నాకింతవరకు ఎదురుపడలేదు.

తిరుపతిలో ఉండేవాడిగా నేను చూసేదేమంటే, ఇక్కడ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్ళు రాకెట్ నమూనా తీసుకుని కొండెక్కుతారు. గ్రహణం రోజు కొండ మీద గుడి మూసేస్తారు, నలభై కిలోమీటర్ల లోపే ఉన్న కాళహస్తిలో తెరిచే ఉంచుతారు, జనం రెండింటికీ తలూపుతారు. రోజూ "అనంతకోటి బ్రహ్మాండనాయకా" అని పిలిచే ఊరికి ఇంకో గ్రహంలో జీవం ఉందంటే స్వామి లెక్కల్లో ఇంకొకటి కలిసిందనిపిస్తుంది తప్ప తగ్గిందనిపించదు. ఇదే మాట మా కాలనీ టీ కొట్టు దగ్గరంటే, "వాళ్ళొస్తే సర్వదర్శనమా, మూడొందల టికెట్టా?" అని అడిగారు. దాని మీద చర్చ అరగంట సాగింది.

నాకున్న టెన్షన్ వేరే. వార్త వచ్చిన గంటలోపు వాట్సాప్‌లో దొంగ వీడియోలు దిగుతాయి. "గ్రహాంతర దోష నివారణ" పేరుతో తాయెత్తులు అమ్మేవాళ్ళు తయారవుతారు. లింక్ నొక్కితే ప్రభుత్వ రక్షణ కిట్ అంటూ బ్యాంకు ఖాతాలు ఊడ్చేవాళ్ళూ ఉంటారు. మా కాలనీలో చదువుకున్నవాళ్ళే ఇంతకంటే నాసిరకం మోసాలకు డబ్బు పోగొట్టుకున్నారు. సంకేతం వస్తే ముందు వేరేవాళ్ళ చేత సరిచూపించుకోవాలి, అందరికీ చెప్పాలి, దేశాలన్నీ మాట్లాడుకోకుండా జవాబు పంపకూడదు అని శాస్త్రవేత్తలు 1989లోనే ఒక ఒప్పందం రాసుకున్నారు. కానీ అది చట్టం కాదు. డిష్ ఉన్న ఏ మొండివాడైనా జవాబు పంపొచ్చు.

క్యూలో గొడవ సద్దుమణిగి, దూరిన బండిని వెనక్కి పంపేసరికి తెల్లారింది. టీ తాగుతూ మామకు కే2-18బి గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే మనం ఇప్పుడొక మాట అడిగితే, వాళ్ళకు చేరేకి నూటా ఇరవై నాలుగేండ్లా?"

"అవును మామా. జవాబొచ్చేకి ఇంకో నూటా ఇరవై నాలుగు."

లెక్క వేసుకున్నాడు. గ్లాసు అడుగున మిగిలిన టీ రోడ్డు మీదికి విసిరి, ఫ్యాక్టరీ గేటు వైపు చూశాడు.

"అట్లయితే వీళ్ళే నయం" అన్నాడు.

మా లోడు తూకానికి వెళ్ళింది ఆ సాయంత్రం నాలుగింటికి.