గీత కింది గరిక

చిరంజీవి రవికి మామ ఆశీస్సులు.

కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండు నీ చేతికి అప్పజెప్పారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. లీగ్ మ్యాచులు మొదలయ్యేలోపు గ్రౌండులో రంగుతో కొట్టే గీతల సంగతి నీ చెవిన వేయాలని రాస్తున్నా.

అక్కడున్న బెర్ముడా గడ్డి మన ఊరి పొలం గట్ల మీది గరికే. దానికి ఎండే తిండి. రంగు ఆకును కప్పేస్తే వెలుతురు అందక గరిక మాడిపోతుంది. నీళ్ళలో కలిపే అక్రిలిక్ రంగు కింద గడ్డి చచ్చేది విషంతో కాదు నాయనా, ఆకలితో. ఒక్కసారి కొడితే ఏమీ కాదు, కొత్త ఆకు వస్తుంది, రంగంటిన కొనలు కోతలో పోతాయి. వారం వారం పొర మీద పొర వేస్తేనే ముప్పు. నేను చూసిన ఒక మైదానంలో పెనాల్టీ ఏరియా గీతను గోటితో గీరితే పెచ్చులు లేచాయి. కింద మట్టి అట్టకట్టి, పోసిన నీరు పక్కకు జారిపోతోంది. ఆ గీత పొడుగునా ఒక్క గరికపోచ లేదు. ఆరోజు నాకు కడుపు తరుక్కుపోయింది.

అందుకని ముందురోజే గడ్డి కోయించు, కోసిన చెత్త ఊడ్పించు. పొద్దున మంచు ఆరాక, గాలి లేనప్పుడు పల్చగా కొట్టు. ఆరేదాకా నీళ్ళు పెట్టొద్దు. అక్టోబరులో మబ్బు చూసుకో: తడి రంగు వానకు కొట్టుకుపోతే మళ్ళీ కొట్టక తప్పదు. గీత 12 సెంటీమీటర్లు దాటకూడదు. గోల్ గీత మాత్రం గోల్ పోస్టు ఎంత మందమో అంతే ఉండాలి, ముందు పోస్టు కొలువు. వెలిసిన చోటే దిద్దు. ప్రాక్టీసుకు గీతలెందుకు, కోన్లు చాలు.

తడి సున్నం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దను. దాని ఘాటు ఆకును మాడుస్తుంది, పిల్లల కళ్ళలో పడితే చూపుకే ప్రమాదం. ఆయిల్ పెయింటు దగ్గరికే రానీకు. సుద్దపొడి గడ్డికి చెరుపు చేయదు గానీ ఒక్క వానకు నిలవదు. స్పాన్సరు బొమ్మ కోసం ఎరుపో నలుపో అడిగితే గడ్డి మీద కాకుండా బోర్డు మీద వేయించమను. ముదురు రంగులు ఎండను మింగి ఆకును కాగబెడతాయి, తెలుపు చాలావరకు తిప్పికొడుతుంది.

సీజను అయ్యాక గీతల వెంబడి మట్టిని తోటపని ఫోర్కుతో పొడిచి ఇసుక చల్లాలి. ఆ పనికి నేనే వస్తా, ఫోర్కు నాదగ్గరుంది. ఈలోపు నువ్వు కొన్న రంగు డబ్బా మీద నీళ్ళ పాళ్ళు ఎంత రాశారో ఫోటో తీసి పంపు.

మీ మామ