బయల్దేరే ముందు రెండుసార్లు, దారంతా దాహంతో

ప్రశ్న: మేడమ్, నాకు 46 ఏళ్ళు. ఉండేది కూర్మన్నపాలెం, పని జగదాంబ దగ్గర బట్టల షాపులో. ఏడాదిగా గంటకోసారి యూరిన్‌కి వెళ్ళాల్సి వస్తోంది. వచ్చిందంటే ఆగదు, ఇంటికొచ్చి తాళం తీసేలోపే బట్టలు తడిసిన రోజులున్నాయి. బస్సెక్కాలంటే టెన్షన్. అందుకే ఇంట్లోంచి కదిలేముందు రెండుసార్లు వెళ్ళి, సాయంత్రం దాకా నీళ్ళు ముట్టకుండా టీలతోనే గడిపేస్తున్నా. మంట, జ్వరం లేవు. మా వదిన వయసు మీద పడింది కదా అంటోంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుంది, నడవగలనా?

జవాబు: మీ వదినగారి మాట పక్కన పెట్టండమ్మా. ఈ వయసులో, నెలసరి ఆగిపోయే రోజుల్లో ఇది చాలామందికి వస్తుంది, నిజమే. కానీ వచ్చింది కదా అని జీవితాంతం భరించక్కర్లేదు, తగ్గించే దారులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ళ తరబడి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. మీరు రాసి మంచి పని చేశారు.

మూత్రాశయం, అంటే మూత్రం నిలిచే సంచి, 400 మిల్లీలీటర్ల వరకు హాయిగా పట్టగలదు. 150, 200 దగ్గర ఒకసారి గుర్తు చేస్తుంది, అంతే, అప్పుడే పరిగెత్తక్కర్లేదు. మీ విషయంలో, నాకు అనిపిస్తున్నది, అది నిండకముందే దాని గోడల్లోని కండరం బిగుసుకుంటోంది. ఇక్కడే మీరు జాగ్రత్త అనుకుని చేస్తున్న రెండు పనులూ ఎదురు తిరుగుతున్నాయి. రాకపోయినా ముందే వెళ్ళొస్తుంటే సంచికి కొంచెంతోనే పిలవడం అలవాటవుతుంది. నీళ్ళు మానేస్తే, అందులోనూ మన వైజాగ్ ఉక్కపోతలో చెమటకే సగం పోతుంటే, మూత్రం చిక్కబడి లోపలి పొరను ఇంకా చికాకు పెడుతుంది, పైగా మలబద్ధకం వస్తే అదీ మూత్రాశయాన్ని నొక్కుతుంది. టీలోని కెఫీన్ సంగతి సరేసరి.

ముందు పరీక్షలు. యూరిన్ టెస్టు, కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసేది), షుగర్, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో చూసే స్కానింగ్. మంట లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదనుకోవద్దు. మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చినా, నొప్పి లేకపోయినా సరే, ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. పొగతాగే అలవాటున్నవాళ్ళకి ఈ మాట మరీ ముఖ్యం, మూత్రాశయ క్యాన్సర్‌కి పొగాకే పెద్ద కారణం. మన ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చే అమ్మమ్మలు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

ఆ లోపు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎప్పుడు వెళ్ళారు, ఎంత వచ్చింది (కొలతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు చాలు), ఏం తాగారు. రోజు మొత్తం మూడు లీటర్లు దాటుతుంటే అది సంచి సమస్య కాదు, షుగర్ వైపు చూడాలి. లీటరున్నరే వస్తూ పదిహేనుసార్లు వెళ్తుంటే మాత్రం శిక్షణ కావలసింది మూత్రాశయానికే. ఆ కాగితం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, చాలా మాటలు మిగులుతాయి.

ఆ శిక్షణ ఇలా. ఇప్పుడు గంటకోసారి వెళ్తున్నారు కదా, ఈ వారం గంటంబావు ఆగండి, వచ్చే వారం ఇంకో పావుగంట, అలా మూడు గంటల దాకా. మధ్యలో అర్జెంటుగా అనిపిస్తే పరిగెత్తొద్దు, పరిగెడితే ఇంకా పెరుగుతుంది. ఉన్నచోటే నిలబడి లేదా కూర్చుని, గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. ఆ ఉద్ధృతి ఒక అల లాంటిది, లేస్తుంది, కాసేపటికి దిగుతుంది. దిగాక మెల్లగా నడవండి. తాళం దగ్గరే ఎందుకు తడుస్తోందంటే, తలుపు కనిపిస్తే బాత్రూమ్ వచ్చేసిందని మెదడు అలవాటు పడిపోయింది. కాబట్టి గేటు దగ్గరే ఆగి ఇది చేసి, తర్వాత తాళం తీయండి.

అదే కండరానికి రోజూ వ్యాయామం కూడా కావాలి. ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదలడం, పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. బస్సులో కూర్చునే చేయొచ్చు, పక్కవాళ్ళకి తెలియదు. ఫలితం కనిపించడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది, పది రోజులకే వదిలేయకండి. నీళ్ళు రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు, కొంచెం కొంచెంగా. టీలు రెండుకి తగ్గించండి, ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది. వీటితో తగ్గకపోతే సోలిఫెనసిన్, మిరాబెగ్రాన్ లాంటి మందులున్నాయి. మొదటిదానితో నోరెండటం, మలబద్ధకం రావచ్చు, రెండోది వాడితే బీపీ చూసుకోవాలి. డాక్టర్ రాస్తేనే వాడండి.

షాపులో ఆడవాళ్ళకి సరైన బాత్రూమ్ లేకపోతే నలుగురూ కలిసి ఓనర్‌ని అడగండి. మీ వయసు ఆడవాళ్ళు నీళ్ళు మానేయడానికి చాలాచోట్ల అసలు కారణం అదే, దాన్ని రోగం కింద కట్టేయడం నాకు నచ్చదు.

మొక్కు సంగతి. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక. ఇప్పటినుంచి మొదలుపెడితే ఆషాఢానికి చాలావరకు నిలకడ వస్తుంది. ఆ రోజు దాహం మాత్రం చంపుకోవద్దు, ఆ ఉక్కలో కళ్ళు తిరిగి పడిపోతారు. దారిలో తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు, ధైర్యానికి ఒక ప్యాడ్ పెట్టుకోండి. వెళ్ళి రండి.

ప్రశ్న: నాకు 66, గాజువాక. పగలు ఫర్వాలేదు, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను. ధార సన్నగా వస్తోంది, మొదలవడానికి నిలబడాల్సి వస్తోంది. బీపీ మాత్రలు వాడుతున్నాను. సాయంత్రానికి పాదాలు వాస్తాయి.

జవాబు: మీ ప్రశ్నలో రెండు సమస్యలున్నాయండీ. సన్నటి ధార, ఆలస్యం చూస్తే ప్రొస్టేట్ గ్రంథి (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండేది) పెరిగిందేమో అనిపిస్తోంది. యూరాలజిస్టుకి చూపించండి, కేజీహెచ్‌లోనూ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఆ విభాగం ఉంది. కాళ్ళవాపు రెండోది: పగలు కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి రాత్రి మూత్రమవుతుంది. సాయంత్రం గంటసేపు కాళ్ళు ఎత్తి పెట్టుకోండి, ఉప్పు తగ్గించండి. మీ బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేది ఉందేమో, ఎప్పుడు వేసుకోవాలో రాసిన డాక్టర్‌నే అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు. వాపు ఎందుకొస్తోందో, గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయో కూడా చూడమనండి. గురక ఎక్కువైతే అదీ చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా రాత్రిళ్ళు మూత్రం పెరుగుతుంది.

జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు. వాటిలో కొన్నింటివల్ల ప్రొస్టేట్ పెరిగినవాళ్ళకి మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. పొట్ట కింద ఉబ్బి, నొప్పి వస్తూ, ఎంత ప్రయత్నించినా చుక్క రాకపోతే తెల్లవారేదాకా చూడకుండా ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్ళండి. అక్కడ పైపు వేసి ఖాళీ చేస్తారు.