కోచ్‌ను తూచే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కళాశాల పత్రికలో మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ ఐదేళ్ళ పనితీరు మీద వ్యాసం రాసే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని క్యాంపస్‌లో చర్చ నడుస్తోందట. నీ రాత చూసి అథ్లెటిక్ డైరెక్టర్ నిర్ణయం మార్చుకుంటాడని నేను అనుకోను. కానీ ఆ కోచ్ చదువుతుంది, జట్టులోని అమ్మాయిలందరూ చదువుతారు. అందుకని జాగ్రత్తగా రాయి. నువ్వు చదివే ఈ అమెరికాలోనే విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని, సాయంత్రాలు స్కోరర్ల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి, ఈ విషయంలో నాకు చెప్పడానికి కాస్త సరుకు ఉంది.

ముందుగా అందరూ చూసేది గెలుపోటముల లెక్క. మనవాళ్ళ ఇళ్ళలో ఎంసెట్ ర్యాంకు వినగానే పిల్లవాడి సంగతంతా తెలిసిపోయినట్టు తలాడిస్తారు చూడు, ఇదీ ఆ బాపతే. లెక్క వద్దనడం లేదు. దాన్ని ఒంటరిగా చదవొద్దంటున్నాను. మహిళల కళాశాల బాస్కెట్‌బాల్‌లో పేరుమోసిన కోచ్‌లనే తీసుకో. జీనో ఆరియెమ్మా 1985లో కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వచ్చారు. తొలి సీజన్‌లో 12 గెలుపులు, 15 ఓటములు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో చేరిన టారా వాన్‌డర్‌వీర్ మొదటి సీజన్‌లో 13 గెలిచి 15 ఓడిపోయారు. ఆటగత్తెగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన డాన్ స్టేలీ 2008లో సౌత్ కరొలైనాకు కోచ్‌గా వెళ్ళిన ఏడాది 10 గెలుపులు, 18 ఓటములు. ఆరియెమ్మా 2025 నాటికి 12 జాతీయ టైటిళ్ళ మనిషి. వాన్‌డర్‌వీర్ 1,216 విజయాలతో 2024లో రిటైరయ్యారు. స్టేలీ జట్టు 2024లో 38 ఆటలాడి ఒక్కటీ ఓడకుండా టైటిల్ తీసుకుంది.

ఇది చదివి రెండో కొసకు పరుగెత్తకు. మొదట్లో ఓడిన ప్రతి కోచ్‌లోనూ ఒక స్టేలీ దాగి ఉండదు. ఓడుతూనే ఉండి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ, వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు, అంతే. నువ్వు చూడాల్సింది దారి ఎటు పోతోందన్నది. స్టేలీ జట్టు నాలుగో సీజన్‌కల్లా, 2012లో, ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడల సంఘం) ఏటా మార్చిలో జరిపే జాతీయ టోర్నమెంట్‌కు వెళ్ళింది. మీ కోచ్ జట్టు మొదటి ఏడాది కాన్ఫరెన్స్‌లో, అంటే మీరు ఏటా ఆడే కళాశాలల కూటమిలో, పై నాలుగు జట్ల చేతిలో ఎన్ని పాయింట్ల తేడాతో ఓడేది, ఇప్పుడు ఎంత తేడాతో ఓడుతోంది? ముప్పై నుంచి ఆరుకు వచ్చి ఉంటే, గెలుపోటముల పట్టికలో అది కనబడదు. నువ్వే కూర్చుని లెక్క కట్టాలి.

ఆమె చేతికి ఏమిచ్చారో కూడా కనుక్కో. కృష్ణా కాలువ కింది మాగాణి రైతునూ, వాన కోసం ఆకాశం చూసే మెట్ట రైతునూ పక్కపక్కన నిలబెట్టి బస్తాలు లెక్కపెడితే అది న్యాయం కాదు కదా. రిక్రూటింగ్‌కు, అంటే హైస్కూళ్ళ నుంచి ఆటగత్తెలను వెతికి తెచ్చుకోవడానికి, బడ్జెట్ ఎంత? సహాయ కోచ్‌లు ఎందరు, వాళ్ళు ఏటా మారిపోతున్నారా? 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025-26 నుంచి కళాశాలలే వాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు. మీ కళాశాల అందులో మహిళల జట్టుకు ఎంత కేటాయించిందో అడుగు.

ఇంకో చిన్న సంగతి, చాలామంది విలేకరులు పట్టించుకోనిది. నవంబరు, డిసెంబరు ఓటములను విడిగా చూడు. పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్నవాటికి డబ్బిచ్చి తమ కోర్టుకు పిలిపించుకుని ఆడతాయి. వాటిని గ్యారంటీ ఆటలంటారు. చెక్కు అథ్లెటిక్ విభాగానికి వెళ్తుంది, ఓటమి కోచ్ ఖాతాలో పడుతుంది. మీ జట్టు అలాంటివి ఏటా ఎన్ని ఆడుతోందో షెడ్యూలు చూస్తే తెలుస్తుంది.

టైటిళ్ళ గురించి. మార్చి టోర్నమెంట్ ఒక్క ఓటమితో ఇంటికి పంపించే పోటీ. 1998లో స్టాన్‌ఫర్డ్ ఒకటో సీడ్, అంటే తన విభాగంలో అన్నిటికంటే బలమైనదని లెక్కవేసిన జట్టు. ముఖ్యమైన ఇద్దరు అమ్మాయిలు సరిగ్గా టోర్నమెంట్ ముందు గాయపడ్డారు. అదే లెక్కలో అట్టడుగున ఉన్న పదహారో సీడ్ హార్వర్డ్ వచ్చి స్టాన్‌ఫర్డ్ సొంత కోర్టులోనే ఓడించి పోయింది. అంతమాత్రాన వాన్‌డర్‌వీర్‌కు కోచింగ్ రాకుండా పోయిందా? ఆమెకే 1992 టైటిల్ తర్వాత మళ్ళీ టైటిల్ 2021లో గానీ రాలేదు. ఆరియెమ్మా కూడా 2016 తర్వాత 2025 దాకా ఆగారు. ఆ మధ్యలో 2023లో ఆయన జట్టు ఫైనల్ ఫోర్‌కే, అంటే చివరి నాలుగు జట్లలోకే, చేరలేదు. ఆ సీజన్‌లో ప్రధాన క్రీడాకారిణి పేజ్ బెకర్స్ మోకాలి గాయంతో ఒక్క ఆట కూడా ఆడలేదు.

నా దృష్టిలో అసలైన పాఠం వివియన్ స్ట్రింగర్ అనే కోచ్. 1982లో తొలి ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంట్‌లో చేనీ అనే చిన్న నల్లజాతి కళాశాలను ఫైనల్ దాకా తీసుకెళ్ళారు. 1993లో ఐయోవాను ఫైనల్ ఫోర్‌కు, 2000లోనూ 2007లోనూ రట్గర్స్‌ను. మూడు కళాశాలలు, మూడు రకాల వనరులు, వెయ్యికి పైగా గెలుపులు. టైటిల్ ఒక్కటీ లేదు. కప్పులు మాత్రమే లెక్కపెట్టేవాడి పట్టికలో ఆమెకు చోటుండదు. అలాంటి పట్టిక నీకు ఎందుకు?

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే కొలత చెబుతాను. జట్టులో మెరిసే అమ్మాయిని వదిలెయ్. ఆమె ఎక్కడ ఉన్నా మెరుస్తుంది. ఏడో, ఎనిమిదో స్థానంలో ఉండే అమ్మాయిని పట్టుకో. హైస్కూలులో ఎవరూ పెద్దగా వెంటపడని పిల్ల, మొదటి ఏడాది ఆటకు నాలుగైదు నిమిషాలు ఆడిన పిల్ల. మూడో ఏడాదికి ఆమె ఫ్రీ త్రో శాతం పెరిగిందా? బంతి పోగొట్టుకోవడం తగ్గిందా? ఎడమ చేత్తో డ్రిబుల్ చేయగలుగుతోందా? ఆట చివరి అయిదు నిమిషాల్లో ఆమెను కోర్టులో ఉంచే ధైర్యం కోచ్‌కు వచ్చిందా? ఇవి రిక్రూటింగ్‌లో కొనుక్కునేవి కావు, సాధనలో నేర్పేవి. ఈ ఐదేళ్ళలో వచ్చి కనీసం మూడేళ్ళు ఉన్న ప్రతి అమ్మాయికీ ఇలా ఒక వరుస రాసుకో. పది పేర్లు వచ్చినా చాలు, ఆ కోచ్ ఆట నేర్పుతోందో, ఉన్న ప్రతిభను ఖర్చు పెడుతోందో తెలిసిపోతుంది. ఆటలో మూడో క్వార్టర్ కూడా చూడు. విరామంలో ఆమె ఏం సర్దిందో ఆ పది నిమిషాల్లోనే బయటపడుతుంది.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కళాశాల మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక ఈ కొలతకు చిక్కొచ్చిన మాట నిజమే. 2021 నుంచి ఏడాదిపాటు ఆటకు దూరంగా కూర్చోకుండానే కళాశాల మారవచ్చు కాబట్టి అందరూ మారుతున్నారు. ముగ్గురు వెళ్ళిపోయారంటే అది నేరం కాదు. ఎవరు వెళ్ళారన్నది చూడు. ఆడే అవకాశం లేనివాళ్ళు వెళ్తే అది మామూలు. బాగా ఆడుతున్నవాళ్ళు పెద్ద కాన్ఫరెన్స్‌కు వెళ్తే, నిజానికి అది కోచ్ పనితనానికే సాక్ష్యం. కానీ బాగా ఆడుతున్నవాళ్ళు మీకు సమానమైన కళాశాలకో, ఇంకా చిన్నదానికో వెళ్తుంటే అక్కడ ఏదో ఉంది. అది అడిగి తీరాల్సిందే.

చదువు లెక్కల దగ్గర నా పాత ఉద్యోగం నీకు ఉపయోగపడుతుంది. గ్రాడ్యుయేషన్ సక్సెస్ రేట్ అని, జట్టులో ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారో చెప్పే ఒక సంఖ్య ప్రకటిస్తారు. అది ఆరేళ్ళ గడువు ఇచ్చి కట్టే లెక్క. అంటే ఐదేళ్ళ కిందట వచ్చిన కోచ్ ఘనతగా కరపత్రంలో వేసుకునే ఆ 95 శాతమో, 100 శాతమో అంతకుముందు కోచ్ తెచ్చిన పిల్లలది! పొగడడానికైనా తిట్టడానికైనా దాన్ని వాడకు. అకడమిక్ ప్రోగ్రెస్ రేట్ కొంత నయం. చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఒక పాయింటు, కళాశాలలో కొనసాగితే ఇంకొకటి, ప్రతి టర్మ్‌కూ వేస్తారు. మొత్తం వెయ్యికి. నాలుగేళ్ళ సగటు 930 కంటే తగ్గితే టోర్నమెంట్‌కే పోనివ్వరు. ఏడాది ఏడాదికీ విడిగా ఆ అంకె తీసుకుని చూడు. ఏ అమ్మాయి మార్కులూ మాత్రం అడగొద్దు. చట్టం ఒప్పుకోదు, మర్యాదా కాదు.

ప్యాట్ సమ్మిట్ 1974లో 22 ఏళ్ళకు టెనెసీ జట్టు తీసుకున్నారు. జట్టు బట్టలు ఉతకడం, వ్యాను నడపడం కూడా ఆమే. తొలి ఎన్‌సీఏఏ టైటిల్ 1987లో వచ్చింది, చివరికి ఎనిమిదయ్యాయి, 1,098 విజయాలు. చాలా కఠినంగా ఉండేవారు, ఆ చూపుకే పిల్లలు వణికేవారని చెబుతారు. అయినా ఆమె దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. కాబట్టి మీ కోచ్ గట్టిగా అరుస్తుందని ఎవరైనా చెబితే వెంటనే రాసెయ్యకు. గాయంతో ఉన్న అమ్మాయిని ఆడమని ఒత్తిడి చేసిందా, శరీరం గురించి, బరువు గురించి ఎగతాళి చేసిందా, పదిమందిలో అవమానించిందా అని అడుగు. వీటిలో ఏ ఒక్కటైనా ఇద్దరు ముగ్గురు విడివిడిగా చెబితే, జట్టు ఎన్ని ఆటలు గెలిచినా నీ వ్యాసం అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ ఒక్క విషయంలో నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను.

వెళ్ళిపోయిన అమ్మాయిలతోనూ ఉన్నవాళ్ళతోనూ సమానంగా మాట్లాడు. ఉన్నవాళ్ళు స్కాలర్‌షిప్ మీద బతుకుతున్నారు, అన్నీ చెప్పలేరు. వెళ్ళినవాళ్ళకు కోపం ఉంటుంది, కాస్త ఎక్కువే చెబుతారు. కోచ్‌ను మాత్రం అచ్చుకు ముందు రోజు కాదు, కనీసం వారం ముందు కలువు. నీ పట్టిక ఆమె ముందు పెట్టు. ఆమె చూపించే తప్పులు సరిచూసుకో, ఆమె జవాబును కత్తిరించకుండా వెయ్యి. ఆ పది పేర్ల పట్టిక తయారయ్యాక నాకు పంపించు, అంకెలు ఒకసారి నేనూ చూస్తాను.

నీ పెద్దమ్మ