అబ్బాయి సర్వీస్ డాగ్ కోసం ఇంటి మీద అప్పు చేయాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి 14 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల చక్రాల కుర్చీ వాడతాడు. వాడికి సర్వీస్ డాగ్ (వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క) కావాలంటే ఒక శిక్షకుడు 25,000 డాలర్లు అడిగారు. ఇంటి మీద అప్పు తీసుకోవచ్చా? గుడివాడలో ఉన్న మా నాన్నగారు మనవడి పేరున 10 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తానంటున్నారు. మా ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 1,60,000 డాలర్లు.

జవాబు: అమ్మా, ఇంటి మీద అప్పు ఇప్పుడు వద్దు. 1975లో కాలిఫోర్నియాలో మొదలైన కెనైన్ కంపానియన్స్ అనే సంస్థ శిక్షణ పొందిన కుక్కలను ఉచితంగా ఇస్తుంది, దాని శిక్షణ కేంద్రం ఒకటి మీకు దగ్గరలోనే ఇర్వింగ్‌లో ఉంది. దరఖాస్తు చేశాక చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చు కాబట్టి ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. కుక్కను అప్పగించే ముందు దాదాపు రెండు వారాలు అక్కడే ఉండి నేర్చుకోవాలి, పైగా 18 ఏళ్లు నిండని పిల్లలతో కుక్కను నడిపించే బాధ్యత పెద్దవారు ఒకరు తీసుకోవాలి. అందువల్ల మీలో ఒకరు ఆ సెలవులను ఇప్పటి నుంచే దాచుకోవడం మంచిది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డులకు చట్టప్రకారం ఏ విలువా లేదు, వాటి మీద ఒక్క డాలరు కూడా పెట్టవద్దు.

కుక్క ఉచితంగా వచ్చినా దాని తిండి, టీకాలు, పశువైద్యుడి ఫీజు మీవే. నెలకు 200 డాలర్లు అవుతుందని అనుకుని, కుక్క ఇప్పటికే ఇంట్లో ఉన్నట్టుగా ఆ మొత్తాన్ని ప్రతి నెలా పక్కన పెట్టండి. రెండేళ్లలో 4,800 డాలర్లు చేరతాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ లెక్క మీ అబ్బాయి చేతిలో ఉండాలి. నేను సలహా ఇచ్చిన ఒక కుటుంబంలో పదహారేళ్ల అమ్మాయి, కుక్క రావడానికి ఏడాది ముందే, దాణా సంచి ధరను దుకాణంలో తానే చూసి, అది ఎన్ని రోజులు వస్తుందో టాబ్లెట్‌లో ఒక్కొక్క అక్షరం నొక్కి రాసుకునేది. ఆ పనికి అరగంట పట్టినా తల్లి చేయి అడ్డు పెట్టలేదు. కింద పడిన ఫోను తీసివ్వడం, తలుపు లాగి తెరవడం కుక్క నేర్చుకుని వస్తుంది. దాని బాగోగులు తనవేనన్న అలవాటు మాత్రం పిల్లలకు మనమే చేయించాలి.

నెలనెలా పక్కన పెట్టే ఈ డబ్బును, వైకల్యం ఉన్నవారి కోసమే ఉన్న ఏబుల్ అనే పొదుపు ఖాతాలో వేయండి. 2025లో ఆ ఏడాదికి 19,000 డాలర్ల వరకు అందులో జమ చేయడానికి వీలుండేది, వైకల్యానికి సంబంధించిన ఖర్చులకు తీసుకుంటే రాబడి మీద పన్ను పడదు. ఖాతా అబ్బాయి పేరున ఉంటుంది, మైనరు కాబట్టి నిర్వహణ మీరు చూస్తారు.

ఇక మీ నాన్నగారి డిపాజిట్ సంగతి. దాని విషయంలోనే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. అబ్బాయికి 18 నిండాక ఎస్‌ఎస్‌ఐ (వైకల్యం ఉండి, ఆదాయం, ఆస్తి తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) అర్హతకు మీ ఆదాయాన్ని లెక్కించరు, కానీ అతని సొంత ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. టెక్సాస్‌లో ఎస్‌ఎస్‌ఐ వచ్చినవారికి మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కూడా దానితోనే వస్తుంది కనుక, మనవడి మీద ప్రేమతో గుడివాడ బ్యాంకులో వేసిన డిపాజిట్ ఆ రెండింటికీ అడ్డుపడవచ్చు. అంతేకాక విదేశీ ఖాతాల్లోని మొత్తం 10,000 డాలర్లు దాటితే, ఖాతా పిల్లవాడిదైనా సరే, ఏటా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల పత్రం అమెరికా ప్రభుత్వానికి దాఖలు చేయాలి. ఏబుల్ ఖాతాలో మాత్రం 1,00,000 డాలర్ల వరకు ఎస్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు. తాతగారు పెద్ద మొత్తం ఇవ్వదలిస్తే, ఆ రంగంలో అనుభవమున్న న్యాయవాది చేత స్పెషల్ నీడ్స్ ట్రస్ట్ (ప్రభుత్వ సాయానికి అడ్డు రాకుండా వైకల్యం ఉన్నవారి కోసం డబ్బు ఉంచే ట్రస్టు) రాయించి, అందులోకి ఇవ్వడం మేలు.

పన్ను మినహాయింపు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. సర్వీస్ డాగ్ కొనుగోలు, శిక్షణ, తిండి, వైద్యం అన్నీ వైద్య ఖర్చులుగా చెల్లుతాయి, కానీ మీ ఆదాయంలో 7.5 శాతం, అంటే 12,000 డాలర్లు దాటిన భాగానికే, అదీ స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండానే వచ్చే నిర్ణీత మినహాయింపు) వదులుకుంటేనే. నెలవారీ ఖర్చుకు ఆఫీసులోని ఎఫ్‌ఎస్‌ఏ (పన్ను పడకముందే జీతంలోంచి వైద్య ఖర్చులకు పక్కన పెట్టే ఖాతా) మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది, డాక్టరు లేఖ సిద్ధంగా ఉంచుకోండి.

ఇలాంటి కుక్కలు సాధారణంగా రెండేళ్ల వయసులో పనిలోకి వచ్చి, పదేళ్ల ప్రాంతంలో విరమిస్తాయి. మీ అబ్బాయి 16వ ఏట మొదటిది వస్తే, 24వ ఏట రెండోది కావాలి, విరమించిన దాని మందుల ఖర్చు కూడా ఉంటుంది. అందుకే నెలకు వేసే 200 డాలర్లను కుక్క వచ్చిన తరువాత కూడా కొంతైనా మిగిలేలా 250కి పెంచగలరేమో చూడండి. ముందుగా ఈ వారంలో మీ నాన్నగారు బ్యాంకుకు వెళ్లకముందే ఫోన్ చేసి, డిపాజిట్ ఆపమని, ఎందుకో వివరించి చెప్పండి.