ముందు అంచు చూడండి

ప్రశ్న: హై ఫ్యాషన్ అంటే నాకు పిచ్చి. షోల ఫొటోలు రాత్రి పొద్దుపోయేదాకా చూస్తుంటాను. జాకెట్లూ గౌన్లూ నావల్ల అయ్యేవి కావని రెండేళ్ళు డబ్బు కూడబెట్టి ఒక సిల్క్ స్కార్ఫ్ కొనుక్కున్నాను. గుడ్డముక్కకి ఇంత పోశావా అంటున్నారు ఇంట్లో. పాడైపోతుందని టెన్షన్‌తో నేను దాన్ని డబ్బాలోంచి బయటికే తీయలేదు. తప్పు చేశానా?

జవాబు: కొనడం తప్పు కాదండీ, డబ్బాలో పెట్టడమే తప్పు. ఈరోజే తీసి, వెలుతురులో పట్టుకుని అంచు చూడండి. చేత్తో చుట్టి కుట్టిన అంచయితే సన్నటి తాడులా గుండ్రంగా, కాస్త ఉబ్బుగా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య జరిపితే తెలిసిపోతుంది. కుట్లు కూడా మెషీన్ కుట్టులా గీత గీసినట్టు ఉండవు, ఒకటి దగ్గరగా పడితే ఇంకోటి పిసరంత దూరంగా పడుతుంది, అదే ఒక మనిషి కూర్చుని కుట్టిన గుర్తు. ఎర్మెస్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీ వాళ్ళు 1937లో మొదలుపెట్టిన సిల్క్ స్కార్ఫ్, ఆ 90 సెంటీమీటర్ల చదరపుది, దానికి ఇప్పటికీ అంచు చేత్తోనే చుడతారు. షనెల్ అనే ఇంకో ఫ్రెంచ్ కంపెనీ జాకెట్‌కి లోపల కింది అంచు వెంట సన్నటి గొలుసు కుట్టి ఉంటుంది, జాకెట్ ఒంటి మీద తిన్నగా నిలవాలని బరువు కోసం పెట్టింది. ఎదుటివాళ్ళకి కనపడదు, వేసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. పేరు పెద్ద అక్షరాలతో అచ్చేసిన బ్యాగు కన్నా నాకు ఇలాంటివే ఇష్టం. ఇంట్లోవాళ్ళతో వాదించకండి, ఆ అంచు ఒక్కసారి పట్టుకుని చూడమనండి.

ఇక జాగ్రత్తలంటారా, పెద్దగా ఏం లేవు. సెంటు ముందు కొట్టుకుని అది ఆరాక స్కార్ఫ్ కట్టుకోండి. ఎండ తగిలేచోట ఉంచకండి, రంగు వెలిసిపోతుంది. ఇస్త్రీ తక్కువ వేడి మీద, వెనక వైపు నుంచి చేయాలి, అంచు జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది ఒకసారి నలిగి చదునైతే ఆ అందమే పోతుంది.

ప్రశ్న: నా చేతిలో ఏ మొక్కా బతకదు. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, అయినా ఆకులు పసుపు తిరిగి మెత్తబడిపోతున్నాయి.

జవాబు: రోజూ పోయడం వల్లేనండీ. వేర్లకి నీళ్ళతోపాటు గాలీ కావాలి, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరాడక కుళ్ళిపోతాయి. మీకు ఇంట్లో కుండీలో పెంచుకునే స్నేక్ ప్లాంట్ గానీ జీజీ (ZZ) ప్లాంట్ గానీ సరిపోతుంది. జీజీకి మట్టిలో బంగాళదుంపల్లాంటి దుంపలుంటాయి, నీళ్ళు వాటిలో దాచుకుంటుంది, మీరు నాలుగు వారాలు మర్చిపోయినా ఏం కాదు. కుండీ అడుగున కన్నం ఉందో లేదో చూసుకోండి. నీళ్ళు పోసేముందు కుండీ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, తేలిగ్గా అనిపిస్తేనే పోయండి. వెలుతురు తక్కువున్న గదిలో మొక్క నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి నీళ్ళూ ఇంకా తక్కువే చాలు. మొక్కకి ఏదో ఒకటి చేయాలని చెయ్యి ఊరుకోకపోతే తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడవండి, జీజీ ఆకులు తుడిచాక ఎంత మెరుస్తాయో చూస్తే రోజూ తుడవాలనిపిస్తుంది. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే అందకుండా పెట్టండి, ఈ రెండూ నమిలితే వాటికి పడవు.

ప్రశ్న: పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకు కోసి నాటాను. పిల్ల వచ్చింది కానీ మొత్తం ఆకుపచ్చే. ఏం పొరపాటు చేశాను?

జవాబు: ఏ పొరపాటూ లేదు. ఆ మొక్కలో రెండు రకాల కణజాలం కలిసి ఉంటుంది, పసుపు అంచు అందువల్లే వస్తుంది. ఆకు ముక్క నుంచి కొత్త మొలక పుట్టేటప్పుడు ఆ కలయిక నిలవదు, ఆకుపచ్చదే వస్తుంది. అంచు కావాలంటే తల్లి కుండీలోంచి మొక్కను బయటికి తీసి, పక్కన లేచిన పిల్లని వేరుతో సహా విడదీసి వేరే కుండీలో పెట్టండి. కోసినచోట ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి నాటితే కుళ్ళదు. ఆ పచ్చటి పిల్లని పారేయకండి మరి, దాని మీద అడ్డంగా లేత, ముదురు చారలు వస్తాయి, అవీ బాగుంటాయి.